వెలిసిపోయిన ముఖం

పాత వస్తువుని బాగుచేయడంలో తప్పొప్పుల ప్రసక్తి ఏముంటుందని చాలామంది అనుకుంటారు. విరిగింది, అతికించాం. చిరిగింది, కుట్టాం. కుర్చీకి కాలు ఊడితే మేకు కొట్టడానికి ధర్మశాస్త్రం తిరగేయనక్కర్లేదు గదా. నిజమే. కాని ఎవరో ఒక మనిషి చేత్తో ఒక ముఖం గీశాడు. ఆ ముఖాన్ని నూటయాభై ఏళ్లపాటు జనం చూశారు. తరవాత అది చెరిగిపోయింది. దాన్ని మళ్లీ గీసే హక్కు ఎవరికుంది? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. బెంగుళూరు దండు ప్రాంతంలో ఒక చిన్న చర్చి కిటికీలోంచి వచ్చింది. (కంటోన్మెంటుని మా తరంవాళ్లు ఇప్పటికీ దండు అనే అంటారు. చిన్నవాళ్లకి ఈ మాట కొత్తగా ఉంటే క్షమించాలి.)

ముందు కిటికీల సంగతి చెప్పుకుందాం. ముప్ఫై నలభై ఏళ్లుగా ఇక్కడ కాపురముంటున్న మన తెలుగువాళ్లలో కూడా ఈ రంగుటద్దాలను సరిగ్గా చూసినవాళ్లు తక్కువ. తప్పు వాళ్లది కాదు. బయటినుంచి చూస్తే ఇవి మసిబారిన పలకల్లా ఉంటాయి. శివాజీనగర్ బస్టాండులో దిగి రసెల్ మార్కెట్టుకి వెళ్లేవాళ్లకి సెయింట్ మేరీస్ బసిలికా శిఖరం కనిపిస్తుంది గాని కిటికీల అందం కనిపించదు. దానికి లోపలికి వెళ్లాలి, అదీ పగటిపూట వెళ్లాలి. 1882లో ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చి రంగుటద్దాలు రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో దెబ్బతింటే 1947లో బాగుచేసి నిలబెట్టారు. ఆ ఏడాది దేశంలో ఇంకా ఏమేం జరుగుతున్నాయో మనకి తెలుసు. అంత హడావిడిలోనూ గాజుముక్కల సంగతి పట్టించుకున్నవాళ్లు ఉన్నారన్నమాట. ఎం.జి. రోడ్డు తూర్పు కొసన హోలీ ట్రినిటీ, పడమటి కొసన 1923లో అగ్నికి ఆహుతై మళ్లీ లేచిన సెయింట్ మార్క్స్, కబ్బన్ రోడ్డులో 1860ల నాటి సెయింట్ ఆండ్రూస్, అన్నిట్లోనూ ఇలాంటి కిటికీలున్నాయి. మైసూరు ప్యాలెస్ కల్యాణమంటపంలో తలెత్తి చూస్తే నెమళ్లు కనిపిస్తాయే, ఆ పైకప్పు అద్దాలూ ఈ జాతివే. గ్లాస్గోలో తయారై వచ్చాయి. ఇక పాత బంగళాల 'మంకీ టాపు' కిటికీల్లో ఎరుపూ ఆకుపచ్చా పలకలు ఉండేవి. బంగళాలు కూలగొట్టి అపార్టుమెంట్లు కట్టిన రోజుల్లో ఆ పలకలు గుజరీ అంగళ్లకి చేరడం నేను కళ్లారా చూశాను.

నేను రిటైరయ్యేదాకా కెమిస్ట్రీ పాఠాలు చెప్పినవాణ్ణి. కనక ఈ వస్తువు ఎలా తయారవుతుందో కొంచెం వివరంగా చెప్పే చాపల్యం నాకుంది. పాఠకులు ఓపిక పట్టాలి, ఎందుకంటే తరవాత రాబోయే ధర్మసందేహం అంతా ఈ రసాయనంలోనే ఉంది.

మనం రంగుటద్దం అంటాం గాని చాలావరకు ఆ రంగు అద్దం మీద పూసింది కాదు. గాజు కరిగి ముద్దగా ఉన్నప్పుడే దాంట్లో లోహభస్మం కలుపుతారు. కోబాల్టు కలిపితే నీలం. రాగి కలిపే తీరునిబట్టి ఆకుపచ్చ గాని ఎరుపు గాని. బంగారం కలిపితే కూడా ఎరుపే. ఎరుపుతో ఒక చిక్కుంది. పలక మందమంతా ఎరుపైతే వెలుతురు దూరక నల్లగా కనిపిస్తుంది. అందుకని తెల్లగాజు మీద పల్చటి ఎర్ర పొర ఒకటి ఎక్కిస్తారు, పాలమీద మీగడలాగా. ఇలాంటి రంగులు వెయ్యేళ్లయినా వెలవవు. వెండి లవణం పూసి కాలిస్తే గాజులోకే ఇంకి పసుపు రంగు ఇస్తుంది. ఇంగ్లీషులో 'స్టెయిన్' అన్న మాట సరిగ్గా అతికేది ఈ పసుపుకే. మిగతాదంతా ఆ పేరుని అరువు తెచ్చుకున్నదే.

మరి ముఖాలు? ముక్కు గీత, కనుబొమ, పెదవి, వేలికణుపులు, బట్టల మడతలు, ఇవన్నీ కుంచె పని. ఇనుము లేదా రాగి భస్మం, మెత్తగా నూరిన గాజుపొడి, కాస్త జిగురు కలిపి గీస్తారు. తరవాత బట్టీలో ఆరువందల డిగ్రీల పైచిలుకు వేడిలో కాలుస్తారు. అప్పుడా గాజుపొడి కరిగి పలకని అంటుకుంటుంది. సరిగ్గా కాలితే గీత శాశ్వతం. సరిగ్గా కాలకపోతే? అక్కడికే వస్తున్నాను.

ముక్కలన్నిటినీ కలిపి పట్టుకునేది సీసం. ఇంగ్లీషు 'హెచ్' అక్షరాన్ని అడ్డంగా పడుకోబెట్టినట్టుండే సీసపు పట్టీలు. రెండు పక్కలా గాడి ఉంటుంది, ఆ గాడిలో గాజు కూర్చుంటుంది. పట్టీలు కలిసిన చోటల్లా టంకం పెడతారు. సుద్దపొడీ అవిసెనూనే దీపపుమసీ కలిపిన లప్పాన్ని సందుల్లోకి కూరుతారు, వాన నీరు దిగకుండా. పలక మొత్తాన్ని రాగితీగలతో ఇనుపకమ్మీలకి కడతారు. సీసం మెత్తటి లోహం. ఎండకి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. వందేళ్లు, కొంచెం అటూ ఇటూ, గడిచేసరికి అలిసిపోతుంది. పలక పొట్ట ఉబ్బినట్టు ముందుకు వంగుతుంది. ఇనుపకమ్మీ తుప్పుపట్టి లావెక్కి గోడరాయినే పగలగొడుతుంది. పాతగాజు అడుగున మందంగా ఉంటుందనీ, వందల ఏళ్లలో గాజు మెల్లగా కిందికి జారుతుందనీ ఒక మాట ప్రచారంలో ఉంది. నా దగ్గర చదువుకున్న పిల్లలు కూడా పరీక్షల్లో రాసేవారు. అది ఉత్తమాట. ఆ రోజుల్లో పలక చేసే పద్ధతిలోనే ఎగుడుదిగుళ్లుండేవి, అంతే.

ఇక 1860, 70 ప్రాంతాల్లో ఇంగ్లండులో కొన్ని కార్ఖానాలవాళ్లు కుంచెరంగు త్వరగా, తక్కువ వేడిలో కాలాలని దాంట్లో వెలిగారం కలిపారు. మన కంసాలులు వాడే వెలిగారమే. పని సులువైంది, బొగ్గు కలిసొచ్చింది. కాని వెలిగారం ఉన్న పూత తేమకి కరుగుతుంది. నలభై యాభై ఏళ్లలో గీతలు పొడిపొడిగా రాలడం మొదలైంది. అందుకే ఆ కాలపు కిటికీల్లో ఒక వింత కనిపిస్తుంది. బట్టల నీలం, ఆకుల పచ్చ నిన్న చేసినట్టు మెరుస్తుంటాయి, ముఖాలు మాత్రం తెల్లబోయి ఉంటాయి. గాజులో పుట్టిన రంగు నిలిచింది, మనిషి చేతి గీత పోయింది.

నేను చెప్పిన చిన్న చర్చిలో జరిగింది ఇదే. దాని పేరు ఇక్కడ అనవసరం. ఏసుక్రీస్తు చుట్టూ పిల్లలు, ఒక పక్కన చంటిబిడ్డని ఎత్తుకున్న తల్లి. క్రీస్తు ముఖం బాగానే ఉంది, బహుశా వేరే రోజు వేరే బట్టీలో కాలిందేమో. తల్లి ముఖం మాత్రం కోడిగుడ్డులా నున్నగా ఉంది. ఆ సంఘంలో నా పాత విద్యార్థి ఒకడున్నాడు. "సార్, ఒకసారి వచ్చి చూడండి, మా కమిటీలో గొడవగా ఉంది" అని పిలుచుకుపోయాడు. నేను ఆ మతంవాణ్ణి కాను. బహుశా అందుకే పిలిచాడేమో, ఏ పక్షానికీ చెందనివాడు కావాలని.

గొడవ ఇదీ. సీసం అలిసిపోయింది గనక పలక మొత్తం దించి విప్పి మళ్లీ కట్టాలి. దాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఎలాగూ విప్పుతున్నాం గదా, తల్లికి ముఖం పెట్టిద్దాం అని ఒక వర్గం. విదేశంలో స్థిరపడిన ఒకాయన ఖర్చంతా తనదేనన్నాడు, వాళ్లమ్మ జ్ఞాపకార్థం. ఉత్తరంతోపాటు ఆమె ఫొటో ఒకటి జతచేశాడు. ఆ ముఖమే గీయమని రాయలేదు. 'చిత్రకారుడికి ఉపయోగపడవచ్చు' అని మాత్రం రాశాడు. ఫొటోలో ఆవిడ ముఖం నిజంగా చల్లగా ఉంది. దాత కోరికని నేను ఎగతాళి చేయను. పూర్వం ఫ్రాన్సులో షార్‌త్ర్ లాంటి చోట్ల రొట్టెలు చేసేవాళ్లు, తోలుపనివాళ్లు తమ తమ వృత్తుల బొమ్మలని కిటికీ అడుగున పెట్టించుకున్నారు. ఇచ్చినవాడి గుర్తు ఉండడం కొత్తేమీ కాదు. కాని వాళ్లు అడుగున కూర్చున్నారు, పైన ఉన్నవాళ్ల ముఖాల్లోకి దూరలేదు.

రెండో వర్గం, ముట్టుకోవద్దు అన్నవాళ్లు. వీళ్లకి పెద్దదిక్కు ఎనభై దాటిన ఒక పెద్దావిడ. చీరాల వైపునుంచి పెళ్లయి ఇక్కడికి వచ్చిందట. ఆవిడ అన్న మాట నేను మరిచిపోలేను. "నేను పెళ్లినాడు చూసినప్పుడూ ఆ తల్లికి కళ్లు లేవు నాయనా. నా బిడ్డని మట్టిచేసిన రోజూ లేవు. ఇప్పుడు కొత్తగా ఎవరో కళ్లు పెడితే ఆవిడ నన్ను గుర్తుపడుతుందా?"

ఇది విని కరిగిపోవడం తేలిక. కాని ఎదుటి పక్షంలో ఒక టీచరమ్మ లేచి, ఆదివారం బడి పిల్లలు దాన్ని 'దయ్యం కిటికీ' అంటున్నారనీ, ఆ పక్కన కూర్చోమంటే ఏడుస్తున్నారనీ చెప్పింది. అదీ నిజమే. పెద్దావిడకి అరవై ఏళ్ల పరిచయం. ఆరేళ్ల పిల్లకి ఆ పరిచయం లేదు. ముట్టుకోకపోవడం వల్ల నష్టమేమీ ఉండదనుకుంటాం గాని, దానికీ ఎవరో ఒకరు ఖర్చు భరిస్తారు.

ఇక్కడ కొంచెం ఆగి పెద్దవాళ్లు ఏమన్నారో చూద్దాం. పంతొమ్మిదో శతాబ్దంలో ఇద్దరు ఈ విషయం మీద చెరో కొసన నిలబడ్డారు. ఫ్రాన్సులో వియోలే-ల-ద్యూక్ అనే వాస్తుశిల్పి, పునరుద్ధరణ అంటే కట్టడాన్ని సంపూర్ణ స్థితికి తేవడం అన్నాడు. ఆ సంపూర్ణ స్థితి గతంలో ఏనాడూ లేకపోయినా సరేనట. ఇంగ్లండులో జాన్ రస్కిన్ 1849లో వచ్చిన తన పుస్తకంలో, పునరుద్ధరణ అన్నదే అబద్ధం, చచ్చినవాణ్ణి లేపడం ఎంత సాధ్యమో ఇదీ అంతే అన్న ధోరణిలో రాశాడు. ఆయన దృష్టిలో చేతనైంది ఒకటే, ఉన్నంతకాలం జాగ్రత్తగా చూసుకోవడం. నూరేళ్ల తరవాత, 1964లో వెనిస్‌లో కూడిన నిపుణులు మధ్యేమార్గంగా కొన్ని సూత్రాలు రాసుకున్నారు. అందులో రెండు మనకి కావాలి. ఊహ మొదలైన చోట పని ఆపాలి. కొత్తగా పెట్టిన భాగం మొత్తంతో కలిసిపోవాలి, అయినా ఇది కొత్తది అని పోల్చుకునేట్టు ఉండాలి. రంగుటద్దాల అధ్యయనానికి ప్రత్యేకంగా అంతర్జాతీయ సంఘం ఒకటుంది, కార్పస్ విట్రేఅరుమ్ అని. వాళ్ల మార్గదర్శకాల సారమూ దాదాపు ఇదే. చేయవలసినంతే చెయ్యి, చేసింది రేపు తీసేయడానికి వీలుగా చెయ్యి, చేసినదంతా రాసిపెట్టు.

ఇదంతా పాశ్చాత్యుల గోల, మన సంప్రదాయంలో ఇలాంటి పీకులాట లేదు అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. అతని మాటలో బలముంది. మనకి జీర్ణోద్ధారణ ఉంది. గుడి పాతబడితే దేవుడి శక్తిని కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయంలో పెట్టి, గుడి కట్టుకుని, మళ్లీ ప్రతిష్ఠ చేస్తాం. భిన్నమైన విగ్రహానికి పూజ లేదు. శ్రీకాళహస్తిలో 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. అదే స్థలంలో కొత్తది కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. బెంగుళూరునుంచి రాహుకేతు పూజలకి వెళ్లే మనవాళ్లలో ఒక్కరైనా 'ఇది నకలు గోపురం' అని వెనక్కి తిరిగారా? రాయి మారింది, గోపురం ఉంది. ఇందులో మోసం లేదు, ఎందుకంటే దాచింది లేదు. కూలిందని లోకమంతటికీ తెలుసు, కట్టారనీ తెలుసు.

కాని గోపురానికీ ఆ తల్లి ముఖానికీ ఒక తేడా ఉందని నాకు తోస్తుంది. గోపురం శాస్త్రంలో ఉంటుంది. కొలతలు తెలిసిన స్థపతి ఎవరైనా, ఏ శతాబ్దంలోనైనా, ఆ శాస్త్రాన్ని అనుసరించి మళ్లీ లేపగలడు. అప్పుడతను ఎవరినీ అనుకరించడం లేదు, అదే పరంపరలో తన వంతు పని చేస్తున్నాడు. కుంచెతో గీసిన ముఖం శాస్త్రంలో లేదు, ఒక చేతిలో ఉంది. ఆ చెయ్యి పోయింది. ఇప్పుడు ఇంకొకరు గీసి అది పాతదేనని చూపిస్తే, చనిపోయినవాడి సంతకం పెట్టినట్టవుతుంది. మనదగ్గరా దీనికి ఉదాహరణ లేకపోలేదు. ఇక్కడికి మూడుగంటల ప్రయాణంలో లేపాక్షి ఉంది. వీరభద్రాలయం కప్పు మీద పదహారో శతాబ్దపు బొమ్మల్లో రంగు రాలిన చోట్లు ఎన్నో. అక్కడ ఎవరైనా ఎనామిల్ పెయింటు డబ్బా పట్టుకుని ఎక్కితే మనం ఊరుకుంటామా? దేవుడి రాయి మార్చడానికి ఒప్పుకునే మనమే, ఆ గీతల జోలికి పోవద్దంటాం. అంటే మన సంప్రదాయానికీ రెండు కళ్లున్నాయి.

అయితే పూర్తి నిజం చెప్పాలంటే, ఆ కార్ఖానాల్లో ప్రతి ముఖమూ ఒక కళాకారుడి ప్రత్యేక సృష్టేమీ కాదు. ఒకే నమూనా కాగితాన్ని పది ఊళ్ల కిటికీలకి వాడుకునేవాళ్లు. ఈ తల్లికి ఎక్కడో అక్కాచెల్లెళ్లు ఉండే ఉంటారు. వాళ్లలో ఒకరి ముఖం చెక్కుచెదరకుండా దొరికితే, దాన్ని చూసి గీయడం ఊహ కింద రాదు. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. దొరికితే గీయవచ్చనే అంటాను. కాని మన పలక మీద తయారీదారు గుర్తు ఏదీ లేదు. నమూనా ఎక్కడ వెతకాలో కూడా తెలియదు.

ఈ చర్చల మధ్య అసలు పనిచేసే మనిషి నిశ్శబ్దంగా తన పని తాను చేసుకుపోతున్నాడు. కోలారు బంగారు గనుల దగ్గర పుట్టినవాడు. తండ్రి గనిలో పనిచేశాడట. 2001లో గనులు మూతపడ్డాక కుటుంబం బెంగుళూరు చేరింది. ఫొటోలకి ఫ్రేములు కట్టే అంగడిలో గాజు కోయడం మొదలుపెట్టి, తరవాత ఈ విద్య నేర్చాడు. అతని తెలుగులో సగం కన్నడం, కొంత అరవం. మన భాష గురించి కూడా ఒక మాట ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. విజయవాడనుంచి వచ్చిన చుట్టాలు మన నోట 'జాస్తి', 'బేజారు' వినగానే నవ్వి దిద్దబోతారు. వందల ఏళ్లుగా పలక నిలబడింది ఆ అతుకుల వల్లనే అని వాళ్లకి తోచదు. అయినా ఈ పోలికని మరీ సాగదీయను. భాష రోజూ పుడుతుంది. గాజు ఒక్కసారే కాలుతుంది.

అతను పలక దించేముందు కాగితం పరిచి పెన్సిలు రుద్ది సీసపు గీతల అచ్చు తీసుకున్నాడు. ప్రతి ముక్కకీ అంకె వేశాడు. దూదితో, శుద్ధిచేసిన నీటితో తప్ప దేనితోనూ తుడవలేదు. (ఎప్పుడో ఎవరో సబ్బుపొడి వేసి తోమారట. ఆ పుణ్యాత్ముడి వల్ల కూడా కొన్ని గీతలు పోయి ఉంటాయి.) ఒకరోజు నన్ను పిలిచి, తల్లి ముఖం ఉన్న ముక్కని ఏటవాలుగా టార్చి వెలుతురులో పట్టుకున్నాడు.

"చూడండి సార్. రంగు పోయుండాది గాని దాని జాడ పోలేదు."

నిజమే. పూత రాలిపోయినా అది కూర్చున్న చోట గాజు ఉపరితలం కాస్త వేరుగా ఉంది. కనుబొమల వంపు, పైరెప్ప గీత, ముక్కు ఒక అంచు, కిందిపెదవి నీడ, అన్నీ శ్వాస పట్టిన అద్దం మీద వేలితో గీసినట్టు కనిపించాయి. కనుపాపల దగ్గర మాత్రం ఏమీ లేదు. ఎంత తిప్పినా లేదు. ఆ తల్లి బిడ్డని చూస్తోందో, క్రీస్తుని చూస్తోందో, మనల్ని చూస్తోందో చెప్పే జాడ ఏదీ మిగల్లేదు.

అప్పుడతను ఒక ఉపాయం చెప్పాడు. ఈ విద్యలో అది తెలిసిన పద్ధతే. పాత ముక్కని ముట్టుకోకుండా, దాని కొలతకే పల్చటి తెల్లగాజు ఇంకొకటి కోసి, దాని మీద ఆ జాడ ప్రకారం గీతలు గీసి కాల్చి, పాతదాని వెనక నిలబెట్టడం. వెలుతురు రెండింటిలోంచీ వస్తుంది గనక దూరాన్నుంచి ఒక్క ముఖంలాగే కనిపిస్తుంది. పాత గాజు మీద నేరుగా గీసి కాలిస్తే మళ్లీ వెనక్కి పోలేం, మిగిలిన ఆ జాడ కూడా మాసిపోతుంది.

"కనుపాపలో?" అన్నాను.

"జాడ లేనిది నేనెట్ల గీసేది సార్? రెప్ప దాకా గీస్తా. అంతే."

వెనిస్‌లో అంతమంది పండితులు కూర్చుని రాసుకున్న సూత్రం అతను ఎన్నడూ చదవలేదు. రెప్ప దగ్గర ఆగాలని అతనికి తెలుసు. అయితే నా సందేహం ఇంకా మిగిలింది. రెప్ప గీసి కనుపాప వదిలేస్తే, చూసేవాళ్లకి ఆమె కళ్లు వాల్చుకున్నట్టు తోస్తుంది. అదీ ఒక భావమే, గీసినవాడు ఉద్దేశించాడో లేదో తెలియని భావం. ఏమీ గీయకపోతే దయ్యం, ఇంతే గీస్తే వాలుచూపు. ఎటు చూసినా మనం ఏదో ఒకటి కల్పిస్తూనే ఉన్నాం. ఊహ ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపించడం కాగితం మీద ఉన్నంత తేలిక కాదు. నేను మాత్రం ఈ పద్ధతి వైపే మాట్లాడాను. అబద్ధం తక్కువగా ఉన్నది ఇదే గనక.

కమిటీలో ఈ సంగతి పెట్టినప్పుడు ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఆ వెనక పెట్టే అద్దం తరవాత తీసేయడానికి కుదురుతుందా?"

"వెనకనుంచి సీసం రెక్క కొంచెం లేపితే వచ్చేస్తుందమ్మా. పాత ముక్కకి ఏమీ కాదు."

"అయితే పెట్టండి. నేనుండే నాలుగు రోజులు ఎట్లాగో సర్దుకుంటా. తరవాత వచ్చేవాళ్లకి నచ్చకపోతే వాళ్లే తీసుకుంటారు."

దాతగారు ఈ ఏర్పాటుకి సంతోషించలేదు. ఖర్చంతా ఇస్తానన్న మనిషి చివరికి సగం ఇచ్చాడు. మిగతాది చందాలు పోగుచేశారు. తల్లి కొంగులో పగిలిపోయిన ఒక నీలం ముక్కకి మాత్రం పూర్తిగా కొత్త గాజు వేయక తప్పలేదు. సీసం కింద దాగే అంచు మీద అతను సన్నటి సూదితో సంవత్సరం గీకాడు. కింద నిలబడి చూసేవాళ్లకి అది కనపడదు. ఇంకో వందేళ్లకి సీసం విప్పేవాడికి కనపడుతుంది. పాత నీలం పెంకులు పొట్లం కట్టి, ఫొటోలతో సహా ఒక రేకుపెట్టెలో పెట్టి చర్చి బీరువాలో ఉంచారు. బయటి వైపు వానకి అడ్డంగా పూర్వం బిగించిన ప్లాస్టిక్ రేకుని మాత్రం నేను పట్టుబట్టి తీయించాను. గాలి ఆడకుండా అలాంటివి బిగిస్తే లోపల ఆవిరిపట్టి, వేడెక్కి, కాపాడవలసినదాన్నే ఉడకబెడతాయి. ఇప్పుడు ఇనుపజాలి ఉంది.

పారిస్‌లో నోత్ర్‌దామ్ చర్చి 2019 ఏప్రిల్ 15న తగలబడితే మూడు పెద్ద గులాబీ కిటికీలూ అదృష్టవశాత్తు దక్కాయి. ఆ చర్చికే చెందిన పక్క మందిరాల్లో వియోలే-ల-ద్యూక్ హయాంలో పెట్టిన కిటికీలు కూడా చెక్కుచెదరలేదు. అయినా వాటిలో కొన్ని తీసేసి ఈ కాలపు కిటికీలు పెట్టాలని ప్రభుత్వం పూనుకుంది. 2024 డిసెంబరులో క్లేర్ తబురే అనే చిత్రకారిణిని ఎంపిక చేశారు. దీనిమీద అక్కడ పెద్ద దుమారమే లేచింది. పోయినదాన్ని మళ్లీ గీయవచ్చా అన్నది మన చిన్న చర్చి ప్రశ్న. ఉన్నదాన్ని తీసి కొత్తది పెట్టవచ్చా అన్నది వాళ్ల ప్రశ్న. బాగున్నదాన్ని తీయడానికి నా మనసు ఒప్పదు. కాలిపోయి ఉంటే కొత్త చిత్రకారిణికే నా ఓటు. పాతదాని వేషం వేయకుండా కొత్తది కొత్తగానే నిలబడుతుంది గనక.

ఇంతా చదివి ఒక పాఠకుడైనా అడుగుతాడు: దొరలు వాళ్ల సైనికాధికారుల జ్ఞాపకార్థం పెట్టుకున్న అద్దాలకి మనమెందుకింత తాపత్రయపడాలి? దండులోని చాలా కిటికీల కింద నిజంగానే అలాంటి పేర్లుంటాయి. ఈ మాట కమిటీలో కూడా ఒకాయన అన్నాడు. నా జవాబు మన తెలుగునేల మీదే, మెదక్‌లో ఉంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ, కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరకాలని ఆ పెద్ద చర్చి కట్టడం సాగించాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. రాళ్లు మోసినవాళ్లు చుట్టుపక్కల పల్లెల తెలుగువాళ్లు. దాని మూడు కిటికీలనీ లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించాడు. ఆయన రాజుల, మంత్రుల చిత్తరువులకి పేరుపడ్డవాడు గాని, చిన్నతనంలో పని నేర్చింది అన్నగారి రంగుటద్దాల కార్ఖానాలోనే. ఆరోహణం కిటికీ 1927లో, క్రీస్తు జననం 1947లో, సిలువ 1958లో అమరాయి. ఈ చివరి తేదీ చూడండి. దొరతనం పోయిన పదకొండేళ్లకి వచ్చింది మూడో కిటికీ. అప్పటికి అది ఎవరి కిటికీ? గంజికోసం రాయి మోసినవాడి మనవడు దానికింద పెళ్లి చేసుకుని ఉంటాడు. గీసింది ఎవరన్నది ఒక సంగతి, ఇన్నేళ్లు దానికింద నిలబడింది ఎవరన్నది మరో సంగతి. దండులో ఆ అధికారి పేరు ఇప్పుడెవరూ చదవరు. పెద్దావిడ మాత్రం అరవై ఏళ్లు ఆ తల్లిని చూసింది.

మెదక్ చూడాలనుకునేవాళ్లు హైదరాబాదులో పొద్దున్నే బయల్దేరండి, నూరు కిలోమీటర్ల లోపే. చీకటి పడ్డాక లోపల ఎన్ని దీపాలు వెలిగించినా ఆ మూడు కిటికీల్లో బొమ్మ కనపడదు.